ఎనిమిది బోల్టులు, అయిదు నిమిషాలు

“రిజిస్టరు అబద్ధమాడదండీ,” అన్నాడు పంప్‌హౌస్ సూపరింటెండెంటు, ప్రమాదం జరిగిన రోజు పేజీ తీసి నా ముందుకు తోస్తూ. “చూసుకోండి. వచ్చిన వేళ ఆరు. వెళ్ళిన వేళ రెండు. పక్కన అతని సంతకం. దెబ్బ తగిలింది రెండూ ఇరవైకి. అంటే డ్యూటీ దిగిపోయాక. ఇందులో నేను చెయ్యగలిగింది ఏముంది చెప్పండి?”

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. మధ్యాహ్నం మూడింటికి నష్టపరిహార కమిషనర్ దగ్గర ఆఖరి అప్పీలు. ఆ లోగా ఈ పేజీ తప్పని నేను తేల్చలేకపోతే, నీటి సరఫరా శాఖలో పందొమ్మిదేళ్ళు పనిచేసి కుడిచెయ్యి మోచేతి దాకా పోగొట్టుకున్న ఒక ఫిట్టరుకు ప్రభుత్వం నుంచి ఏమీ రాదు. వైద్యం ఆగిపోతుంది, పింఛను ఉండదు, శాఖవారి క్వార్టర్సు నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి.

ఆ ఫిట్టరు భార్య నాలుగు రోజుల క్రితం నా ఆఫీసుకు వచ్చింది. ఏడు నెలల కాగితాలు ఒక గుడ్డ సంచిలో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. “ఆ రోజు ఆయన పనిలోనే ఉన్నాడని బయటివాళ్ళు ఎవరైనా తేలిస్తే చాలండీ. నాకింకేం వద్దు,” అంది. బయటివాళ్ళే ఎందుకు తేల్చాలో అప్పుడు నేను అడగలేదు. అడగాల్సింది.

డిటెక్టివ్‌ని కాకముందు ఇరవై రెండేళ్ళు ఆ శాఖ క్లెయిముల సెక్షన్‌లోనే గుమాస్తాగా పనిచేశాను. ఏ కాగితం ఏ బీరువాలో ఊపిరాడక చస్తుందో నాకు తెలుసు. కొన్నింటిని నా చేతులతోనే చంపాను. అందుకే ఇలాంటి కేసు వస్తే కాదనే ధైర్యం నాకు లేదు.

కళ్ళజోడు తుడుచుకుని ఆ పేజీ చూశాను. తర్వాత ముందు పేజీలు ముప్పై తిప్పాను. సూపరింటెండెంటు గదిలో తలుపు గడియకు గ్రీజు మరకలున్నాయి. టెలిఫోనుకున్నాయి. ఆఖరికి ఆయన మంచినీళ్ళ గ్లాసుకు కూడా ఉన్నాయి. రిజిస్టరులో వెళ్ళిన వేళ గడి మాత్రం అద్దంలా ఉంది. ముప్పై పేజీల్లో ఒక్క వేలిముద్ర లేదు.

“మీవాళ్ళు ఎనిమిది గంటలు మోటార్లతో కుస్తీ పట్టి కూడా చేతులు మల్లెపూవుల్లా ఉంచుకుంటారా?”

“సబ్బు ఇస్తామండీ.”

“ఏదీ, చూపించండి.”

సబ్బుకు రాసిన ఇండెంటు రెండేళ్ళుగా పైఆఫీసులో ఉందని ఒప్పుకున్నాడు.

“సరే, ఇవాళ్టి పేజీ తియ్యండి.”

రిజిస్టరును పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెలకు హత్తుకున్నాడు. మెల్లగా లాక్కుని తెరిచాను. పొద్దుటి షిఫ్టులో అయిదుగురు. అయిదుగురికీ వెళ్ళిన వేళ రెండు గంటలని రాసి ఉంది, సంతకాలతో సహా. నా చేతి గడియారంలో ఇంకా పదీ ముప్పై అయిదే. కింద మోటారు గదిలోంచి సుత్తి చప్పుడు వినబడుతోంది.

“ఆ చప్పుడు ఎవరిది?”

“మా కొత్త ఫిట్టరుదండీ.”

“అతను రెండింటికే ఇంటికెళ్ళిపోయాడుగా. సంతకం కూడా పెట్టాడు.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “మూడేళ్ళ కిందట ఆడిట్‌కి వచ్చినాయన రిజిస్టరు నిండా జిడ్డేనని, అంకెలు కనబడట్లేదని నాకు మెమో ఇచ్చాడండీ. సర్వీసులో నాకదొక్కటే మెమో. అప్పట్నుంచి పొద్దున చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే రెండు సంతకాలూ పెట్టించేస్తున్నాను. పేజీ నీటుగా ఉంటుందని.”

మంచివాడే. మంచివాళ్ళ భయాలు ఎంతమందిని ముంచుతాయో ఫైళ్ళలో చాలాసార్లు చూశాను.

“నీటుగానే ఉంది,” అన్నారెవరో నా వెనక.

తిరిగి చూడనక్కర్లేదు. శాఖ తరఫు విచారణాధికారి. క్లెయిము తిరస్కరించే ప్రతి కాగితం మీదా ఎర్ర సిరాతో రాస్తాడని ఉద్యోగులంతా అతనికి ఎర్రసిరా అని పేరు పెట్టారు. ఆరేళ్ళు నా పక్క టేబుల్ దగ్గర కూర్చుని నా దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది, చూపు మాత్రం మారలేదు.

“రిజిస్టరు పోతే పోనివ్వండి మేడమ్. దాన్ని నమ్ముకుని నేను రాలేదు,” అంటూ ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. “సాక్షి వాంగ్మూలం. ఇచ్చింది ఎవరు? అతని సొంత బావమరిది. అదే షిఫ్టులో ఆపరేటర్. బావకి అన్యాయం చెయ్యడానికి అబద్ధం చెప్తాడా?”

ఆ కాగితం నకలు నా సంచిలోనూ ఉంది, కంఠతా వచ్చు. ‘రెండింటికి ఇద్దరం బయటికొచ్చాం. బావ సొంత పనేదో ఉందని మళ్ళీ లోపలికెళ్ళాడు. మోటారు ఆయనే వేసుకున్నాడు. రెండూ ఇరవైకి కేక విని పరిగెత్తాను. మోటారునీ పంపునీ కలిపే కప్లింగ్‌లో చెయ్యి ఇరుక్కుని ఉంది. బయటికి తీసి బెంచీ మీద పడుకోబెట్టాను.’

“కిందికి వస్తావా?” అని అడిగాను అతణ్ణి. “పాతరోజుల్లో వచ్చేవాడివి.”

మెట్లు దిగి మోటారు గదిలోకి వెళ్ళాం. మూడో నంబరు మోటారు ఇవాళ ఆగి ఉంది. కప్లింగ్ దగ్గర నుంచి గోడకున్న స్విచ్ దాకా నడిచాను. పన్నెండడుగులు. రెండోసారి కూడా పన్నెండే. కొత్త ఫిట్టరు పక్క మోటారు కింద నుంచి తల బయటికి పెట్టాడు.

“నాయనా, ఈ కప్లింగ్ విప్పాలంటే ఎంతసేపు పడుతుంది?”

“మూడోదా అండీ? ఎనిమిది బోల్టులు. తడికి తుప్పెక్కి ఉంటాయి. ఒక్కడే అయితే ముప్పావు గంటకి తక్కువ కాదు.”

“అందులో చెయ్యి ఇరుక్కుంటే, బోల్టులు విప్పకుండా బయటికి తియ్యొచ్చా?”

అతను పానా కింద పెట్టాడు. “తియ్యలేరండీ. ఆ రోజు కూడా ఎనిమిదీ విప్పి నేలమీద పడేసి ఉన్నాయి. మర్నాడు వాటిని కడిగి బిగించింది నేనే.” మళ్ళీ మోటారు కిందికి దూరిపోయాడు.

షిఫ్టు మారే వేళకు కొత్తవాళ్ళని దింపి పాతవాళ్ళని తీసుకెళ్ళే శాఖ జీపు ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. దాని డ్రైవరు లాగ్‌బుక్కు నకలు తీసి ఎర్రసిరా చేతిలో పెట్టాను. “చదువు. ‘రెండూ ఇరవై అయిదుకి పంప్‌హౌస్ చేరాను. గాయపడిన మనిషి బయట బెంచీ మీద ఉన్నాడు, చేతికి తువ్వాలు కట్టి ఉంది.’ రెండూ ఇరవైకి కేక, రెండూ ఇరవై అయిదుకి మనిషి బెంచీ మీద. తుప్పెక్కిన ఎనిమిది బోల్టులు అయిదు నిమిషాల్లో ఎవరు విప్పారు? లెక్క వెనక్కి నడిపించు. చెయ్యి ఇరుక్కుంది ఒకటీ నలభైకి. డ్యూటీలో.”

“ముప్పావు గంట ఆ బావమరిది ఎవర్నీ పిలవకుండా ఉన్నాడా?”

సూపరింటెండెంటు మెట్ల మీద నుంచే గొణిగాడు. “మిగతావాళ్ళని లైను చూడ్డానికి పంపి, టెలిఫోను గది తాళం వేసుకుని నేను భోజనానికెళ్ళానండీ.”

ఎర్రసిరా లాగ్‌బుక్కు నకలు మడిచి జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. “బాగుంది మేడమ్. కానీ ఇదంతా మీ ఊహ. సాక్షి వచ్చి తన నోటితో మాట మార్చుకుంటే తప్ప కమిషనర్ ఒప్పుకోడు. వాడు మార్చుకోడు.”

“అంత ధీమా ఏమిటి?”

“క్లెయిములో ముందు టైము చూడమని నేర్పింది మీరు. తర్వాత మనిషి దేనికి భయపడతాడో చూడమని నేర్పిందీ మీరే.”

చెంప మీద కొట్టినట్టయింది. నిజంగా నేను నేర్పిన మాటే. అతను మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పన్నెండూ పదికి ఫిట్టరు క్వార్టర్సు చేరాను. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మూడింటి అప్పీలుకు పన్నెండింటికే మొదలుపెట్టాడు. సాయం చెయ్యబోతే వద్దన్నాడు. లోపల వంటగదిలో ఆయన భార్య గిన్నెలు తోముతున్న చప్పుడు.

“ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి.”

“గుర్తులేదమ్మా. అందరికీ అదే చెప్పాను.”

“మోటారు మీరే వేసుకున్నారని మీ బావమరిది రాసిచ్చాడు. కప్లింగ్‌కీ స్విచ్‌కీ మధ్య పన్నెండడుగులు. చెయ్యి ఇక్కడ లోపల పెట్టి, స్విచ్ అక్కడ ఎలా వేశారు?”

ఆయన కాసేపు ఖాళీ చొక్కా చేతివైపు చూశాడు. “నా చేతులెప్పుడూ అంత పొడుగు లేవులే అమ్మా. ఇప్పుడసలే లేవు,” అని నవ్వాడు.

“ఒకటీ నలభైకి స్విచ్ వేసింది ఎవరు?”

వంటగది వైపు ఒకసారి చూసి గొంతు బాగా తగ్గించాడు. “ఆస్పత్రికి నీళ్ళెక్కట్లేదని పైనుంచి ఒకటే ఫోన్లు. సూపరింటెండెంటుగారు భోజనానికెళ్తూ, తొందరగా వెయ్యండని చెప్పి వెళ్ళారు. నేను బయటికొచ్చేశాననుకున్నాడు వాడు. అంతే. కావాలని చేశాడా? నా చెయ్యి అందులో ఉన్నంతసేపూ ఏడుస్తూనే విప్పాడు ఎనిమిది బోల్టులూ. పానా జారి వాడి వేళ్ళు కూడా చితికాయి.”

“మరి ఆ వాంగ్మూలం?”

“నేను మగతలో ఉన్నాననుకుని వాడే నా మంచం పక్కన ఏడుస్తూ చెప్పుకున్నాడు. ఆ సాయంత్రమే ఆ ఎర్రసిరా ఆస్పత్రికొచ్చాట్ట. మనిషి చెయ్యి తీసినందుకు జైలుకి పోతావు, ఉద్యోగం ఊడుతుంది, ఇద్దరు పిల్లలు గలవాడివి, ఇక్కడ సంతకం పెట్టు, డ్యూటీ అయిపోయిందని రాసుకుంటాను అన్నాట్ట. వాడు పెట్టాడు. నాకు తెలివొచ్చాక నేనూ గుర్తులేదన్నాను. ఎలాగూ చెయ్యి తిరిగి రాదు కదమ్మా, వాడైనా బాగుంటాడని.”

కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో వెంటనే తెలియలేదు. “ఈ చట్టం ఎవరిది తప్పని అడగదండీ,” అన్నాను. “దెబ్బ పనిలో తగిలిందా, పనివేళలో తగిలిందా, అంతే. పక్కవాడు పొరపాటున స్విచ్ వేసినా పరిహారం ఇవ్వాల్సిందే. ఇలాంటి పొరపాటుకి ఎవర్నీ జైలుకి పంపరు. మహా అయితే వాడికో మెమో వచ్చేది. ఎర్రసిరాకి ఈ సంగతి కంఠతా వచ్చు.”

ఆయన గుండీ మీద చెయ్యి ఆపాడు. “అంటే మొదటి రోజే నిజం చెప్పుంటే?”

“మీ క్లెయిము వచ్చేది. అతని ఉద్యోగం ఉండేది.”

“ఇప్పుడు?”

ఈ జవాబు చెప్పడానికి నాకు మనసు రాలేదు. అయినా చెప్పాలి. “ఇప్పుడు అతను వచ్చి నిజం చెప్తే మీ క్లెయిము వస్తుంది. కానీ విచారణలో దొంగ వాంగ్మూలం ఇచ్చినట్టవుతుంది. ప్రమాదానికి పోని ఉద్యోగం ఆ అబద్ధానికి పోతుంది. రాకపోతే మీకేమీ రాదు.”

“అయితే వద్దు,” అన్నాడు వెంటనే. “కాగితాలు మూసెయ్యండి. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. వాణ్ణి పెంచింది వాళ్ళక్క, ఇదే. వాడు చేశాడని తెలిస్తే తట్టుకోలేదు. దానికి తెలియనివ్వకండి, మీకు పుణ్యముంటుంది.”

“నాకు తెలుసు.”

వంటగది గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. చేతుల నుంచి నీళ్ళు కారి నేలమీద పడుతున్నాయి. గిన్నెల చప్పుడు ఎప్పుడాగిందో మేమిద్దరం గమనించలేదు.

“మూడోనాడే వచ్చి చెప్పాడు,” అంది ఆమె, భర్తనే చూస్తూ. “ఆస్పత్రి వరండాలో నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు. బావకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నీకు తెలిస్తే వాణ్ణి మళ్ళీ గడప తొక్కనివ్వవని నేనూ నోరెత్తలేదు.”

“నీకు తెలిస్తే వాడి మొహం చూడవని నేను.”

ఏడు నెలలు ఒకే ఇంట్లో, ఒకే మాటను చెరో జేబులో దాచుకుని బతికారు.

“అందుకేనా బయటివాళ్ళు తేల్చాలన్నారు?” అని అడిగాను.

ఆమె తల ఊపింది. “నా నోటితో తమ్ముడి పేరు చెప్పలేనండీ. మీరు ఆ రిజిస్టర్లో ఏదో చూసి, వాడి పేరు రాకుండా గెలిపిస్తారనుకున్నా.” కొంగుతో చేతులు తుడుచుకుంది. “గెలవదా, వాడు రాకపోతే?”

“గెలవదమ్మా.”

ఆమె భర్త దగ్గరికి వెళ్ళి, ఇంకా మిగిలిన రెండు గుండీలు పెట్టింది. ఈసారి ఆయన వద్దనలేదు. తర్వాత ఎదురింటి ఫోను దగ్గరికి నడిచింది. తమ్ముణ్ణి ఇంకో పంప్‌హౌస్‌కి బదిలీ చేశారు, అక్కడికి ఫోను చేసింది. పక్కనే ఉన్నా నాకు ఈవైపు మాటలే వినబడ్డాయి.

“నేనేరా, అక్కని. మూడింటికి కమిషనర్ ఆఫీసుకి రా. జరిగింది జరిగినట్టు చెప్పు. ఆయనకి తెలుసు, మొదట్నుంచీ తెలుసు. ఊఁ. పోతుందిట, ఈవిడ చెప్పింది. ఊఁ. పిల్లలు సరే, ముందు నువ్వు రా.”

ఫోను పెట్టేసి ఎదురింటావిడకు థాంక్సు చెప్పి, మామూలుగానే ఇంటికి నడిచింది. తలుపు వేసుకున్నాక లోపల నుంచి ఏడుపు వినబడింది.

మూడూ అయిదుకు అప్పీలు పిలిచారు. కమిషనర్ జలుబుతో బాధపడుతున్న ముసలాయన. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే కాగితాలు తిప్పాడు. ఎర్రసిరా తన వంతుగా వాంగ్మూలం చదివాడు. నేను ఇవాళ్టి రిజిస్టరు పేజీ, జీపు లాగ్‌బుక్కు, కొత్త ఫిట్టరు రాసిచ్చిన కాగితం ముందు పెట్టాను. కమిషనర్ అన్నీ చూశాడు.

“అనుమానం ఉంది, ఒప్పుకుంటాను. అయినా సాక్షి మాట కాదనడానికి ఇది చాలదమ్మా,” అన్నాడు. “సాక్షి వచ్చాడా?”

ఎర్రసిరా పెన్ను మూత పెడుతున్నాడు. ఫిట్టరు తల దించుకున్నాడు. ఆయన భార్య మాత్రం తలుపువైపే చూస్తోంది.

తలుపు తోసుకుని ఆమె తమ్ముడు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఒంటి మీద నూనె మరకల యూనిఫాం, పరిగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నాడు. రెండు వేళ్ళ గోళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి. అక్క వైపు చూడలేదు, బావ వైపు చూడలేదు. తిన్నగా కమిషనర్ టేబుల్ ముందుకు వెళ్ళి రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

“నేను రాసిచ్చింది అబద్ధమండీ. బావ ఎక్కడికీ వెళ్ళలేదు. లోపలే ఉన్నాడు, పని చేస్తున్నాడు. నేనే...” నల్లబడ్డ గోళ్ళు గుప్పిట్లో దాచుకున్నాడు. “స్విచ్ వేసింది నేనండీ. మా బావ చెయ్యి తీసింది నేను. నేనే చేశాను.”

కమిషనర్ తల ఎత్తలేదు. పెన్ను తీశాడు.

“అది నేను అడగలేదు,” అన్నాడు. “ఎన్ని గంటలకి?”

అతనికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు, మళ్ళీ ఆయన వైపు. ఏడు నెలలుగా అతణ్ణి నిద్రపోనివ్వని మాట అది. ఆ గదిలో ఎవరికీ అక్కర్లేకపోయింది.

“టైమెంత నాయనా?”

“ఒకటీ నలభై అండీ.”

కమిషనర్ ఆ అంకె రాసుకున్నాడు. కింద రెండు లైన్లు రాసి సంతకం పెట్టాడు. “గాయం పనివేళలో, పనిలో జరిగింది. క్లెయిము అనుమతించడమైనది,” అని చదివి రుమాలు మళ్ళీ ముక్కుకు పెట్టుకున్నాడు.

ఎర్రసిరా లేచాడు. అతని మొహంలో ఓడిపోయిన జాడ లేదు. ఫైలు అడుగు నుంచి ముందే టైపు చేసి ఉంచిన కాగితం ఒకటి తీసి సాక్షి చేతిలో పెట్టాడు. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు తక్షణం సస్పెన్షన్, పోలీసు ఫిర్యాదుకు సిఫారసు. తేదీ ఇవాళ్టిదే. వాడు మాట మార్చుకోడని నాతో పందెం కాసినట్టు మాట్లాడిన మనిషి, మారిస్తే ఏం చెయ్యాలో కూడా సిద్ధం చేసుకునే వచ్చాడు.

“ఆ అబద్ధం రాయించింది నువ్వు,” అన్నాను.

“రుజువు చెయ్యండి మేడమ్. ఆస్పత్రి వరండాలో మేమిద్దరమే ఉన్నాం,” అని ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బయట వరండాలో బావమరిది ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఫిట్టరు వెళ్ళి ఎడమ చెయ్యి అతని భుజం మీద వేశాడు. అక్క రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“ఏడుస్తావేంటక్కా?” అన్నాడు అతను, తన కళ్ళు తుడుచుకుంటూ. “బావకి క్లెయిము వచ్చిందిగా.”

“వచ్చిందిరా,” అంది ఆమె. “నిన్ను రమ్మన్నది నేను కదా.”